ఖాళీలు పూరించి తిరిగి పంపవలెను

నిప్పుకూ చక్రానికీ చరిత్రగ్రంథాలలో అధ్యాయాలకు అధ్యాయాలు కేటాయించిన మానవజాతి, గుండుసూదికి ఒక్క పాదసూచికైనా ఇవ్వకపోవడం క్షమించరాని కృతఘ్నత. నిప్పు లేకపోతే వణుకుతూ బతకవచ్చు. చక్రం లేకపోతే నడిచిపోవచ్చు. గుండుసూది లేనినాడు ఏ కాగితం ఏ కాగితానికి చెందినదో చెప్పగలవాడు భూమండలం మీద ఉండడు. ఒక మహాప్రేమ బయటపడిన ఘనత కూడా అటువంటి గుండుసూదికే దక్కుతుందనీ, దాన్ని గుచ్చిన చేయి ఆ సమయంలో వేరే ధ్యాసలో ఉన్నదనీ ఈ కథ సవినయంగా మనవి చేస్తున్నది.

ఆ చేయి పురపాలక కార్యాలయంలో జనన మరణాల నమోదు విభాగానికి చెందినది. మొదటి కౌంటరులో జననాలు, రెండో కౌంటరులో మరణాలు. మధ్యలో మూరెడు ఎత్తు చెక్క అడ్డు, దాని మీద ఉమ్మడి ఆస్తిగా ఒక జిగురుసీసా. మానవజీవితమంతా ఆ జిగురుసీసాకు ఇటూ అటూ ఇమిడిపోయేది. జననాల కౌంటరులో కూర్చునేది మరణాల గుమాస్తాకు స్వయానా వదిన, అన్నగారి భార్య. ఇంట్లో ఒకే కప్పు కింద, ఆఫీసులో ఒకే ఫ్యాను కింద ఇరవై ఏళ్లుగా కలిసి ఉంటున్నా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఇంకా ఏదో ఒకటి మిగిలే ఉండేది.

"కూర్చునేది" అన్న మాట వదినకు మాత్రమే వర్తిస్తుంది. మరణాల కౌంటరు కుర్చీ నాలుగేళ్ల కిందట ఒక కాలు విరిగి మరమ్మతుకు వెళ్లింది. దానికి సంబంధించిన దస్త్రం ఏటికేడు ఒళ్లు చేసి రెండో సంపుటంలో పడింది; కుర్చీ మాత్రం తిరిగి రాలేదు. అందుచేత నలభై మూడేళ్ల మన గుమాస్తా పది నుంచి ఐదు దాకా, నిలబడే, పట్టణంలోని మరణాలన్నిటినీ నమోదు చేస్తూ వచ్చింది.

ఆమెకు ఇంకొక ఉద్యోగం ఉందన్న సంగతి వదినకొక్కదానికే తెలుసు. బస్సుల్లో, బ్యూటీపార్లర్లలో, హాస్టల్ మంచాల మీద, దిండ్ల కింద, లక్షమంది గుండెలు దడదడలాడించిన "కాలదూత" నవలలు పదకొండూ మారుపేరుతో రాసింది ఆమే. వాటిలో నాయకుడు ప్రాణాలు తీసుకుపోవడానికి వచ్చే దూత. పూర్వులు అతనికి అంటగట్టిన పాశాలనూ వాహనాలనూ ఆమె నిర్దాక్షిణ్యంగా తొలగించి, చేతికి ఒక నల్ల గొడుగు ఇచ్చింది. నాయిక ఒక ఆసుపత్రిలో నర్సు. అతను ఎవరికోసం వచ్చినా ఆమె మంచానికి అడ్డంగా నిలబడేది; అతను ఆమె కళ్లలోకి ఒక నిమిషం చూసి, రిజిస్టరులో "చిరునామాలో లేరు" అని రాసుకుని వెళ్లిపోయేవాడు. ఈ ఒక్క నిమిషాన్నే పదకొండు సంపుటాలపాటు సాగదీసిన ఆమె ప్రతిభను విమర్శకులు ఇంకా గుర్తించవలసి ఉంది.

కల్పన అంతా కల్పన కాదు. రోజూ ఉదయం పదకొండింటికి పెద్దాసుపత్రి నుంచి మరణాల ఫారాలు తెచ్చే మనిషి ఒకడుండేవాడు. ఆరడుగుల మనిషి, నల్లటి పొడుగుకోటు, ఎండైనా వానైనా చంకలో నల్ల గొడుగు. ఆఫీసులో అందరూ "గొడుగాయన" అనేవారు. సైకిలు గోడకు ఆనించి వచ్చి, ఫారాల కట్ట కౌంటరు మీద పెట్టి, పుస్తకం తెరిచి, వేలితో గీత చూపించి, "ఇక్కడ సంతకం," అనేవాడు. తొమ్మిదేళ్లలో అతను ఆమెతో ఆడిన మాటలు ఈ రెండే. ఆ రెండు మాటల మీద ఆమె పదకొండు నవలలు కట్టింది.

అతను వచ్చేటప్పుడు ఫారాలు తెచ్చేవాడు. వెళ్లేటప్పుడు కొన్ని తిరిగి తీసుకువెళ్లేవాడు. ఏ ఫారంలోనైనా గడి ఖాళీగా ఉంటే దాన్ని నమోదు చేయకూడదు. "ఖాళీలు పూరించి తిరిగి పంపవలెను" అని అచ్చువేసిన పసుపు చీటీ ఒకటి గుండుసూదితో గుచ్చి వెనక్కి పంపాలి. ఆసుపత్రివాళ్లు పూరించి మర్నాడు పంపుతారు. ఈ గుచ్చుడు ఆమె చేతికి ఎంత అలవాటైపోయిందంటే, ఒకసారి ఇంట్లో కూరగాయల చీటీలో ఎంత కావాలో రాయలేదని పసుపు చీటీ గుచ్చి అన్నగారికి తిరిగి ఇచ్చింది.

నవలలు ఆమె రాసింది కూడా పాడైపోయిన మరణాల ఫారాల వెనకవైపే. ఒక మనిషికీ ఇంకొక మనిషికీ మధ్య రెండు నిమిషాలు దొరికితే రెండు వాక్యాలు.

ఇక ఆ మంగళవారం. పన్నెండో సంపుటం, అనగా ఆఖరిది, అప్పటికే పదిహేను అధ్యాయాల దాకా అచ్చులో ఉంది. పదహారో అధ్యాయం పద్నాలుగు ఫారాల వెనక సిద్ధంగా ఉంది. కాలదూత రిజిస్టరులో ఈసారి నర్సు పేరే ఉంది. అతను వార్డులోకి వచ్చాడు. ఆమె అతని ముఖంలోకి చూసి, "సంతకం ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది. దానికి అతను అన్నాడు. ఏమన్నాడన్నదే రచయిత్రికి తెలియలేదు. రెండు నెలలుగా తెలియలేదు. అక్కడ మూడు అంగుళాల ఖాళీ వదిలి, మార్జినులో "మంగళవారం ఐదింటికి తప్పదు" అని తనకు తానే హెచ్చరిక రాసుకుంది.

మూడింటికి ప్రచురణకర్త ఫోను చేశాడు.

"మేడమ్, ఐదింటికి మనిషి వస్తాడు. ఆరింటికి మెషిన్ ఎక్కాలి. చివరి అధ్యాయం రెడీయే కదా?"

"రెడీయేనండీ. ఒక్క మాట మిగిలింది."

"ఆ ఒక్క మాటా రెండు నెలల్నించి వింటున్నాను. ఐదు దాటిందంటే మా బావమరిది రాసేస్తాడు. ముగింపు కూడా చెప్పాడు నాకు."

ప్రచురణకర్త బావమరిది అంతవరకు రాసినది గోడగడియారాల గ్యారంటీ కార్డుల వెనక ఉండే షరతులు.

"ఏమిటట ముగింపు?"

"కాలదూత చచ్చిపోతాడు."

"కాలదూత ఎలా చచ్చిపోతాడండీ?"

"లారీ గుద్దుతుంది. కొత్తగా ఉంటుందంటున్నాడు."

ఆమె ఫోను పెట్టేసి కాగితాల కోసం చేయి చాచింది. చేతికి తగిలినవి వేరే కాగితాలు. అవి ఆ ఉదయం ఆసుపత్రికి తిరిగి వెళ్లవలసిన ఖాళీల ఫారాలు. అవి ఇక్కడే ఉన్నాయంటే అక్కడికి వెళ్లినవి ఏవి?

"వదినా. ఇక్కడ పద్నాలుగు కాగితాలుండాలి."

"ఏ కాగితాలు?"

"ఆయనవి."

ఏ ఆయనవో వదినకు వివరించనక్కరలేకపోయింది. చేతిలో ఉన్న పసివాడి ఫారం మీద స్టాంపు వేసి, తీరిగ్గా చెప్పింది. "గొడుగాయన పట్టుకుపోయాడు కదే పొద్దున. నువ్వే పసుపు చీటీ గుచ్చి, చేత్తో ఇచ్చి, సంతకం కూడా పెట్టావు. నేను చూస్తూనే ఉన్నాను."

"చూస్తూ ఊరుకున్నావా?"

"నువ్వు ఆయన్ని చూస్తూ గుచ్చావు, నేను నిన్ను చూస్తూ కూర్చున్నాను. కాగితాలు ఎవరు చూశారమ్మా?"

కారణం అంతే. చివరి పుటలో ఖాళీ ఉంది. ఖాళీ కనపడితే ఆమె చేయి ఊరుకోదు. తన ప్రేమకథకు తానే ఆక్షేపణ చీటీ గుచ్చి, కథానాయకుడి చేతికే ఇచ్చి పంపింది. అతను మళ్లీ వచ్చేది రేపు పదకొండింటికి. ఈలోగా లారీ బయలుదేరుతుంది.

"పో," అంది వదిన. "రెండు కౌంటర్లూ నేను చూసుకుంటాను."

"నీకు మరణాలు రావు కదా."

"ఇరవై ఏళ్లు మనుషుల్ని రప్పించినదాన్ని, రెండు గంటల్లో నలుగుర్ని పంపించలేనా? ఫారం రంగే కదా తేడా. వెళ్లవే, చెప్పులు వేసుకుని వెళ్లు."

ఆ సాయంత్రం పట్టణంలో ఎనభై ఒక్క ఏళ్ల మగశిశువు ఒకడు జన్మించినట్టు రికార్డులలో ఈనాటికీ ఉంది.

ఆమె పరుగెత్తింది. మహాసైన్యాల దండయాత్రలను వర్ణించడానికి పుట్టిన విశేషణాలన్నీ ఆ పరుగుకు చాలవు. టైర్ల దుకాణం దాటింది, కళ్లజోళ్ల దుకాణం దాటింది, ఎర్రదీపం దగ్గర ఆగిన వాహనాల మధ్య నుంచి చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, గుండె ఒక చేత్తో పట్టుకుని దూరింది. ఎడమ చెప్పు తెగింది. దాన్ని చేతిలో పట్టుకుని పరుగు సాగించింది. లారీ ఏది ఎదురైనా దానివైపు ఆమె చూసిన చూపుకు డ్రైవర్లు కారణం తెలియక హారన్ మానేశారు.

ఆసుపత్రి రికార్డుల గది మొదటి అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన. ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి లోపల సభ తీరి ఉంది. బల్ల వెనక రికార్డుల పెద్దాయన, ముక్కు చివర కళ్లజోడు. ఎదురుగా గుమాస్తాలు, ఇద్దరు నర్సులు, లిఫ్టును రెండో అంతస్తులో దాని ఖర్మానికి వదిలేసి వచ్చిన లిఫ్టు మనిషి.

"నేను చెబుతున్నా కదా, 'నువ్వు లేనిదే నేను లేను' అంటాడు," అంటున్నది పొట్టి నర్సు.

"ఆయన అసలు ఉన్నాడో లేడో తెలీని మనిషి. అదేం మాట?" అన్నాడు లిఫ్టు మనిషి.

"పదకొండు భాగాలు చదివిన మాకు తెలీదా, లిఫ్టులో పైకీ కిందకీ తిరిగే నీకు తెలుస్తుందా?"

"పన్నెండోది మొదట విన్నది ఇద్దరం ఒకేసారే కదా."

గుమ్మంలో మనిషిని చూసి పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టాడు. "మీరు పురపాలకం నుంచి కదూ? మంచిది. మీ ఆఫీసు నుంచి ఇవాళ వచ్చిన కాగితాలలో కాలదూత చివరి అధ్యాయం ఉంది. ఎవరు రాశారు?"

లక్షమంది పాఠకులు ఎనిమిదేళ్లుగా అడుగుతున్న ప్రశ్న అది. ఆమె ఊపిరి పీల్చుకుని, చెప్పును వీపు వెనక దాచుకుని, "విచారణలో ఉందండీ," అంది. "ఆ కాగితాలు ఎక్కడున్నాయి?"

"పద్ధతి ప్రకారం జవాబు రాసి పంపించేశాం. మా దగ్గరికి వచ్చిన ఆక్షేపణ ఏదీ జవాబు లేకుండా వెనక్కి పోదు." ఆయన తన నకలు కాగితం తీసి చదివాడు. "మూడో పుట. వార్డులో గొడుగు తెరిచినట్టు ఉంది. నిబంధనలకు విరుద్ధం. ఆరో పుట. నర్సు చేయి పట్టుకున్న వ్యక్తి సందర్శకుల పుస్తకంలో సంతకం చేసినట్టు కనపడదు. తొమ్మిదో పుట. కన్నీరు; పరిమాణం పేర్కొనలేదు."

"పద్నాలుగో పుట?"

పొట్టి నర్సు పెదవి కొరుక్కుంది.

"అక్కడే వచ్చింది చిక్కు," అన్నాడు పెద్దాయన. "ఖాళీ ఉంది. ఊహించి రాయకూడదు. తెలిసినవారే రాయాలి. ఎవరికీ తెలియని పక్షంలో, తెచ్చిన మనిషి విచారించి పూరించాలి. ముప్పై ఏళ్లుగా అదే పద్ధతి. అంచేత గొడుగాయన చేతికిచ్చాం."

"ఆయన... ఏం రాశారు?"

"ఎవరికి చూపించాడు?" అన్నాడు లిఫ్టు మనిషి. "ఆ కిటికీ దగ్గర నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని రాశాడు. నలభై నిమిషాలు పట్టింది."

"ఆయన నలభై నిమిషాలు ఒకచోట ఆగడం మేమెవరం చూడలేదు," అంది పొట్టి నర్సు. "గొడుగు కూడా పక్కన పెట్టేశాడు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"మీ ఆఫీసుకే బయలుదేరాడు. రేపు తీసుకెళ్లవయ్యా అంటే, ఐదింటికి తప్పదని రాసుంది అన్నాడు. వెనక గేటు నుంచి పోయాడు."

ఆమె మళ్లీ పరుగెత్తింది. వచ్చేటప్పుడు గుండెలో ఒక్క భయమే ఉండేది. ఇప్పుడు రెండున్నాయి, రెండోదాన్ని భయమని పిలవడం న్యాయం కాదు. అతను చదివాడు. పద్నాలుగు పుటలూ చదివాడు. నల్లకోటు చదివాడు, పొడుగు చదివాడు, వేలితో గీత చూపించే తీరు చదివాడు. తొమ్మిదేళ్లుగా రోజూ చూస్తున్న చేతిరాత ఎవరిదో తెలియని మనిషి కాడు. ముందుకు పరుగెత్తాలా, పక్క సందులోకి తిరిగి ఈ పట్టణమే వదిలిపోవాలా అన్నది ఆమె కాళ్లు తేల్చుకోలేక, తేల్చుకోకుండానే ఆమెను ఆఫీసు మెట్లు ఎక్కించాయి.

గోడగడియారం ఐదుకు నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తున్నది. మరణాల కౌంటరు ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు గొడుగాయన, కాగితాల కట్ట ఛాతీకి ఆనించుకుని. రెండోవాడు ప్రచురణకర్త బావమరిది. స్వయంగా వచ్చాడు, జేబులో లారీ ఉన్న రెండు కాగితాలు బయటికి తొంగిచూస్తున్నాయి.

"ఇవ్వవయ్యా, నేను తీసుకుపోవడానికే వచ్చాను," అంటున్నాడు బావమరిది.

"సంతకం," అన్నాడు గొడుగాయన.

"నేను పెడతానంటున్నాగా."

"పంపినవాళ్లది."

"ఇరవై నిమిషాలుగా ఇదే పాట," అంది వదిన ఆడపడుచును చూసి. "ఇదిగో వచ్చింది, పంపినావిడ. చెప్పు చేతిలో పట్టుకొచ్చింది, జాగ్రత్త."

గొడుగాయన కట్టను కౌంటరు మీద పెట్టాడు. ఆమె అలవాటు ప్రకారం అవతలివైపుకు వెళ్లి, తన చోట నిలబడి, చివరి పుట తీసింది. మూడు అంగుళాల ఖాళీలో, నీలి సిరాతో, నలభై నిమిషాల శ్రమతో, గుండ్రటి అక్షరాలలో మూడు వాక్యాలున్నాయి.

"సంతకం తర్వాత. ముందు మీరు కూర్చోండి. ఎప్పుడు చూసినా నిలబడే ఉన్నారు."

ఆమె చదివింది. మళ్లీ చదివింది. పదకొండు సంపుటాలుగా వార్డులో మంచాల పక్కన నిలబడిన నర్సుకు ఎవరూ ఆ మాట చెప్పలేదన్న సంగతి రాసిన ఆమెకే అప్పటిదాకా తట్టలేదు. నాలుగేళ్లుగా నిలబడిన గుమాస్తాకు కూడా ఎవరూ చెప్పలేదు. వదిన చెక్క అడ్డు మీదుగా మెడ చాచి చదివి, కళ్లు తుడుచుకోవడానికి తొందరలో జిగురుసీసా తుడిచే గుడ్డ అందుకుంది.

"బాగుందా?" అన్నాడు గొడుగాయన. అది అతను ఆమెతో ఆడిన మూడో మాట.

"అవునండీ," అంది ఆమె. లక్షలకొద్దీ పదాలు రాసిన మనిషికి ఆ సమయంలో దొరికినది అదొక్కటే.

"నాలుగో భాగంలో గొడుగు పిడి వెండిదని రాశారు." అతను గొడుగు కొంచెం పైకెత్తి చూపించాడు. "ప్లాస్టిక్."

"మీరు నాలుగో భాగం చదివారా?"

"పదకొండూ."

"ఎప్పటినుంచి తెలుసు?"

"రెండో భాగంలో కాలదూత సైకిలు గోడకి ఆనించాడు," అన్నాడతను. కొంచెం ఆలోచించి, "కాలదూతలకి సైకిలుండదు కదా," అని చేర్చాడు.

గడియారం ఐదు కొట్టడానికి గొంతు సవరించుకుంటున్నది. ఆమె పుస్తకంలో సంతకం పెట్టింది, పద్నాలుగు కాగితాల నుంచి పసుపు చీటీ తీసింది, కట్టను బావమరిది చేతిలో పెట్టింది.

"అయితే లారీ లేనట్టేనా?" అన్నాడతను దిగులుగా.

"లేదు."

"చిన్న లారీ అయినా?"

"ఆయన్ని పంపించెయ్యి తల్లీ," అంది వదిన, "నాకు కనురెప్పలు అతుక్కుపోతున్నాయి."

మర్నాడు పదకొండింటికి గొడుగాయన సైకిలు వెనక తాడుతో కట్టిన కుర్చీ ఒకటి వచ్చింది. గట్టి టేకు కుర్చీ, నాలుగు కాళ్లూ ఉన్నాయి. అతను దాన్ని కౌంటరు వెనక పెట్టి, దుమ్ము దులిపి, పక్కకు తప్పుకున్నాడు. ఆఫీసు యావత్తూ రబ్బరు స్టాంపులు గాలిలో ఆపి చూస్తుండగా, సింహాసనాలు అధిష్ఠించిన రాణులెవరికీ తెలియని గాంభీర్యంతో ఆమె కూర్చుంది. కౌంటరు ఎత్తు కాబట్టి కూర్చున్నాక ఆమెకు అవతల గొడుగు పిడి మాత్రమే కనపడింది. అది ప్లాస్టిక్‌దని ఇప్పుడు స్పష్టంగా తెలుస్తున్నది. అయినా ఆమెకు వెండిలాగే మెరిసింది.

ఆ తరువాతి సంగతి అందరికీ తెలిసిందే. పన్నెండో సంపుటం అచ్చయిన వారానికి మళ్లీ అచ్చయింది. బస్సుల్లో కుర్రవాళ్లు లేచి నిలబడి, "ముందు మీరు కూర్చోండి," అనడం మొదలుపెట్టారు. ఆ మాట విని ముసలివాళ్లు సుఖపడ్డారు. పెద్దాసుపత్రి నర్సులు వార్డుకొక కుర్చీ కావాలని అర్జీ పెట్టారు. ఒక విమర్శకుడు ఆ మూడు వాక్యాలలో మృత్యుతత్త్వమంతా ఉందని పదహారు పుటలు రాసి, ఇంత నిగ్రహం అకుంఠితమైన సాహిత్యసాధన లేనిదే అబ్బదని తేల్చాడు. ఐదింటికి ఆఫీసు కట్టేశాక ఇద్దరు మనుషులూ ఒక సైకిలూ పార్కు పక్కవీధిలో మెల్లగా నడిచి వెళుతుంటారనీ, సైకిలు మీద ఎవరూ ఎక్కరనీ, గొడుగు మాత్రం ఎండలో కూడా తెరిచే ఉంటుందనీ వదిన ఇంట్లో నివేదించేది.

ఆ నెల చివరి సోమవారం పదకొండింటికి గొడుగాయన ఫారాల కట్టతోపాటు ఒక ఉత్తరం తెచ్చాడు. మార్చురీకి చెందిన నాలుగో నంబరు కుర్చీ మీ కార్యాలయంలో ఉన్నట్టు తెలియవచ్చినదనీ, అర్జీల దృష్ట్యా దాన్ని వెంటనే వాపసు చేయవలెననీ అందులో రికార్డుల పెద్దాయన ఎర్రసిరాతో రాశాడు. గొడుగాయన పుస్తకం తెరిచి, వేలితో గీత చూపించాడు.

"ఇక్కడ సంతకం," అన్నాడు.

కౌంటరు ఎత్తు. ఆమె లేచి నిలబడి పెట్టింది.